గొడ్డలి అందుకోరా

ఆగస్టు 28

ఇది నా తొమ్మిదో తరగతి భూగోళం నోటుపుస్తకం. ముందు సగంలో నదుల పేర్లూ గనుల పేర్లూ ఉన్నాయి. చేతిరాత అప్పుడే బాగుండేది. వెనక సగం ఖాళీ. పట్నంలో టైర్ల షాపులో ఉన్నన్నాళ్ళూ మాట్లాడటానికి మనుషులుండేవాళ్ళు, రాసుకోవలసిన అవసరం పడలేదు. ఇక్కడ అమ్మ మాట్లాడదు. మే ఇరవై రెండున నాన్న పోయిన దగ్గర్నుంచి రోజుకు పది మాటలకు మించి అనడం లేదు. అందులో ఆరు "తిన్నావా" అన్నవే.

నాన్న తేనె చెట్టు మీంచి పడ్డాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి అంత ఎత్తు ఎక్కడమేమిటని అందరూ అన్నారు. కొడుకు దగ్గరుంటే కొడుకే ఎక్కేవాడు కదా అని మాత్రం ఎవరూ అనలేదు. అనకపోయినా నాకు వినపడింది.

ఇవాళ మేనత్త వచ్చింది, నాన్న గొడ్డలి పట్టుకెళ్ళడానికి. తప్పేం లేదు. మాలో మగవాడి పనిముట్లు కొడుక్కి రావు, మేనల్లుడికి పోతాయి. గొడ్డలి అత్త కొడుకుది. నేను ఇవ్వనన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

"టైర్లకి గాలి కొట్టుకునేవాడివి, నీకు గొడ్డలెందుకురా అబూదూ?" అంది అత్త.

"నేనూ తేనెకెళ్తానత్తా."

అత్త ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. "సరే, వానలు పడేదాకా ఉంచుకో. ఈలోపు తేనె చూపించే సెగో పిట్ట నీ గొంతు విని వచ్చిందనుకో, గొడ్డలి నీదే. మావాడికి నేను సర్దిచెప్పుకుంటా. రాలేదనుకో, వాడొచ్చి పట్టుకెళ్తాడు. అప్పుడు మొహం మాడ్చకూడదు."

కాసిమో మావయ్య అక్కడే ఉన్నాడు. అమ్మకు అన్న, ఈ ఇంటికి పెద్దదిక్కు. ఆయన చెప్పకపోతే మా వాకిట్లో కోడి కూడా గుడ్డు పెట్టదు. "అదీ ఒప్పందమేగా. పిట్ట రాకపోతే నువ్వు పట్నం, మీ అమ్మ నా వాకిట్లోకి. మగదిక్కు లేని ఇంట్లో నా చెల్లెల్ని ఒక్కదాన్నీ ఉంచను. అయినా మొక్కై వంగనిది మానై వంగునా అల్లుడూ?" అన్నాడు.

అమ్మ లేచింది. కుండ తీసుకుని ఏటికి వెళ్ళింది. మొగుడు పోయాక పాటించే నాలుగు నెలల పది రోజుల ఇద్దత్‌లో నీళ్ళకు తప్ప ఇంకెక్కడికీ వెళ్ళకూడదు.

ఆగస్టు 30

సెగో పిట్టకి తేనె ఎక్కడుందో తెలుసు, చెట్టు కొట్టడం రాదు. మనకి చెట్టు కొట్టడం వచ్చు, తేనె ఎక్కడుందో తెలీదు. అందుకే పిలవాలి, అది రావాలి, అది ముందు ఎగరాలి, మనం వెనక నడవాలి. ఇది నాన్న నాకు ఆరేళ్ళప్పుడు చెప్పిన లెక్క. లెక్క తేలికే.

పెదవులు దులుపుతూ బుర్ర్‌ర్ర్ అనాలి, చివర్న పొట్టలోంచి హుఁ అనాలి. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అన్నాను. పిట్ట కాదు కదా, ఈగ కూడా ఇటు తిరగలేదు. తిరిగొస్తుంటే అలాబీ తాత కొడుకులిద్దరితో ఎదురుపడ్డాడు. నాన్నతో ముప్పై ఏళ్ళు అడవికెళ్ళిన మనిషి.

"పొద్దున అటువైపు మేక తుమ్ముతోంది, ఎవరిదోయ్?" అన్నాడు.

కొడుకులు నవ్వారు. వాళ్ళ భుజాల మీద తేనె బకెట్లు. మాతో రా అని తాత అన్నాడు. వెళ్తే తాత పిలుపుకు పిట్ట వస్తుంది, నాకేం ఒరుగుతుంది? వద్దన్నాను.

ఆగస్టు 31

రాలేదు.

సెప్టెంబరు 2

రాలేదు. పెదవులు వాచాయి. అమ్మ సంకటి పక్కన ఎండుచేప బదులు గుమ్మడాకు మెత్తగా ఉడికించి పెట్టింది. అడగలేదు, చూసింది.

సెప్టెంబరు 4

ఒక పని చేశాను.

పోయిన ఏడాది సెలవుకొచ్చినప్పుడు నాన్నతో అడవికి వెళ్ళాను. ఆయన పిలుస్తుంటే ఫోనులో గొంతు రికార్డు చేశాను. పట్నంలో స్నేహితులకి వినిపించి నవ్వుకోవాలని. ఎవరికీ వినిపించలేదు, ఎందుకో బుద్ధి పుట్టలేదు. పద్నాలుగు సెకన్లు. మూడుసార్లు పిలుపు, ఒక దగ్గు, తర్వాత "ఆ ఫోను పక్కన పెట్టి గొడ్డలి అందుకోరా" అని ఆయన, ఇహిహి అని నేను.

టైర్ల షాపులో పాటలు పెట్టుకునే చిన్న స్పీకరు డబ్బా నా సంచిలోనే ఉంది. రాతి మీద పెట్టి, శబ్దం పూర్తిగా పెంచి మోగించాను. రెండోసారికే పిట్ట వచ్చింది. చెవి పక్కన అగ్గిపెట్టె ఆడించినట్టు టకటక అరుస్తూ కొమ్మ మారింది. దాని వెనకే పరుగెత్తాను, ముళ్ళు కూడా తెలీలేదు. పావుగంటలో చెట్టు చూపించింది. పచ్చి ఆకుల్లో ఎండుపుల్లలు చుట్టి, నిప్పంటించి పొగ పెట్టి, తొర్ర కొట్టాను. పదకొండు చోట్ల కుట్టాయి. అర బకెట్టు వచ్చింది.

ఇంటికొస్తే అమ్మ కళ్ళు పెద్దవి చేసుకుని బకెట్టు వంకే చూసింది.

"ఎవరు పిలిచారు?" అంది.

"నేనే."

అమ్మ తేనెపట్టు ముక్క తుంచి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది.

రేపటి నుంచి నా గొంతుతోనే పిలుస్తాను. ఇవాళ ధైర్యం కోసం.

సెప్టెంబరు 5

ఇవాళొక్కసారి.

సెప్టెంబరు 9

మొదట నా గొంతుతో పదిసార్లు పిలుస్తున్నాను. రాకపోతేనే డబ్బా. నిన్న పదిసార్లు కాదు, మూడుసార్లే పిలిచాను. ఇవాళ నోరు ఎండిపోయి ఉండి పిలవలేదు.

పిట్ట వచ్చాక ఆపేయొచ్చు. చివరిదాకా వింటున్నాను. దగ్గు, తర్వాత గొడ్డలి అందుకోరా. గొడ్డలి నా చేతిలోనే ఉంటుంది. అయినా ఒక్కోసారి కిందపెట్టి, ఆ మాట వచ్చాక అందుకుంటున్నాను. ఇది ఎవరైనా చూస్తే పిచ్చాసుపత్రికి బండి కట్టిస్తారు.

అడవిలో మాట్లాడే మనిషి ఆయనొక్కడే. అదీ ఒకటే మాట. టైర్ల షాపులో రోజుకు వంద మంది వచ్చేవాళ్ళు, ఇంత తోడుగా ఎవరూ అనిపించలేదు. ఈ మాట ఆయన బతికుండగా అనాల్సింది. తేనెకి రారా అన్నప్పుడు, పిట్టల్తో మాట్లాడే పని నాకొద్దు నాన్నా అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంట్లో నీళ్ళు ఎక్కువ వాడుతున్నామేమో. నేను ఏటి పక్క అడవిలోకి బయల్దేరగానే అమ్మ కూడా కుండ తీసుకుంటోంది. ఇవాళ చూస్తే రెండు కుండలూ నిండుగానే ఉన్నాయి. దుఃఖంలో ఉన్నవాళ్ళకి ఏదో ఒక పని ఉండాలి.

సెప్టెంబరు 14

మావయ్య ఊరంతా చెప్పుకుంటున్నాడు. "పులి కడుపున పిల్లి పుడుతుందా? మా అల్లుడు వారంలో నాలుగు చెట్లు కొట్టాడు" అని. రెండు వారాల క్రితం మొక్కా మానూ అన్నది ఈ నోరే.

అలాబీ తాత మాత్రం నవ్వలేదు. "నీ పిలుపు విన్నానోయ్. అచ్చం బ్వానలీ పిలుపులాగే ఉంది" అన్నాడు. బ్వానలీ అంటే నాన్న.

"కొడుకునేగా తాతా."

"ఊఁ. కొడుకువే. చివర్న దగ్గు కూడా వచ్చిందే నీకు?"

దుమ్ము అన్నాను.

సెప్టెంబరు 17

ఇవాళ పెద్ద చెట్టు. రెండు బకెట్లు నిండాయి. పిట్ట పక్క కొమ్మ మీద కూర్చుని చూస్తోంది. నాన్న అయితే పచ్చి ఆకులు పరిచి, అరచేతి మందం మైనం దాని వాటా పెట్టి, మిగిలిన తుక్కు కాల్చేసేవాడు. చిన్నప్పుడు అది నాకు పిసినారితనంగా కనిపించేది. ఇన్నాళ్ళుగా ఒంటరిగా నా వెంట తిరుగుతోంది, ఇది తప్ప నాకెవరున్నారని, పట్టులో సగం దానికే పెట్టేశాను. గుడ్లూ పురుగులూ మైనం అన్నీ. ఒక్కటీ కాల్చలేదు. అది దిగి తింటుంటే చాలాసేపు చూశాను. కడుపు నాకు నిండింది.

సెప్టెంబరు 18

రాలేదు. డబ్బా పదిసార్లు మోగించాను.

సెప్టెంబరు 19

రాలేదు.

సెప్టెంబరు 20

రాలేదు. గొంతు దొంగది అని దానికి తెలిసిపోయినట్టుంది. లేదా నాన్నకి కోపం వచ్చింది. చచ్చిపోయినవాడి చేత రోజూ చాకిరీ చేయిస్తే రాదా మరి. ఇవాళ చెట్టు కింద కూర్చుని ఏడ్చాను. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది, ఎవరు చదువుతారు కనక.

సెప్టెంబరు 21

తాత పొగాకు కోసం వచ్చాడు. మాటల్లో మాటగా, పిట్టకి మొన్న ఎంత పెట్టావన్నాడు. చెప్పాను. అంతే, తాత గోడకి చేరబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"ఇప్పుడది పొట్ట వేలాడేసుకుని ఎక్కడో పడుకునుంటుంది. నీ పిలుపెందుకు దానికి? కడుపు నిండిన బేరం. పిట్టకి రుచి చూపించాలి గానీ విందు పెడతారట్రా?"

"పాపం అనిపించింది."

"పాపమా? మీ నాన్నకి నీమీద లేదా పాపం? అయినా పొద్దున్నే అడవికి తీసుకెళ్ళేప్పుడు సగం సంకటే పెట్టించేవాడు. ఆకలి ఉంటేనే కాలు కదులుతుందని."

నాకు గుర్తుంది. ఆ సగం సంకటి వల్లే ఈ పని మీద నాకు మొదటి విరక్తి పుట్టింది.

సెప్టెంబరు 22

వచ్చింది. అరచేతి మందమే పెట్టాను. మిగిలింది కాల్చాను. అది నా వంక ఎలా చూసిందో నాకు తెలుసు.

అక్టోబరు 2

అమ్మకు ఇద్దత్ తీరింది. మావయ్య కొత్త బట్ట తెచ్చాడు, పసుపు పూలది. ఆడవాళ్ళు వచ్చి తలంటారు. ఇప్పుడెక్కడికైనా వెళ్ళొచ్చు, బజారుకి, పెళ్ళిళ్ళకి. పిన్ని రమ్మంటే రేపు చూద్దాం అంది. కుండ తీసుకుని ఏటికి వెళ్ళింది.

అక్టోబరు 6

ఊళ్ళో పుకారు. చేపల వల వేసేవాళ్ళు బ్వానలీ గొంతు విన్నారట. ఒకతను "గొడ్డలి అందుకో" అన్నమాట కూడా విని, వల అక్కడే వదిలేసి వచ్చాడట. పోయినవాడికి నేల పట్టలేదు, మౌల్వీని పిలిచి చదివించాలి అంటున్నారు. మావయ్య సాయంత్రం నలుగురిని వెంటేసుకుని వచ్చాడు.

"అల్లుడూ, ఆ పిలిచేది నువ్వేనా?"

"నేనే మావయ్యా."

"అయితే ఇక్కడ పిలువు. వీళ్ళ అనుమానం తీరిపోతుంది."

నా పిలుపు వింటే చిన్నపిల్లలు కూడా తేల్చేస్తారు. పెదవులు తడుపుకుంటున్నాను, ఇంతలో లోపల్నుంచి అమ్మ వచ్చింది. నాలుగు నెలల్లో అంత పెద్ద గొంతుతో మాట్లాడటం వినలేదు.

"అన్నం తినే వాకిట్లో పిట్టని పిలుస్తారా ఎవరైనా? ఆయన ముప్పై ఏళ్ళలో ఒక్కరోజు పిలిచాడా ఇక్కడ? పిలిచాక ఇవ్వడానికి తేనె ఉందా నీ దగ్గర? ఉత్తినే పిలిస్తే రేపు అది సింహం దగ్గరికి తీసుకెళ్తుంది నా కొడుకుని. వెళ్ళండి, వెళ్ళి మీ పని చూసుకోండి."

మావయ్య తలూపి వెళ్ళిపోయాడు. నిజంగానే మర్చిపోయానమ్మా అన్నాడు వెళ్తూ. అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. థాంక్స్ చెప్పాలనిపించింది గానీ, దేనికని అడిగితే ఏం చెప్పను?

అక్టోబరు 7

నిర్ణయం. ఇకమీద రాళ్ళగుట్ట అవతలికి వెళ్తాను. రెండు గంటల నడక. అక్కడ మోగిస్తే ఊరికి వినపడదు. ఈ పుకార్లు అమ్మ చెవిన పడుతుంటే ఎంత బాధో. ఇది అమ్మ కోసమే.

"అంత దూరమెందుకు? ఏటి పక్కన చెట్లు అయిపోయాయా?" అంది అమ్మ.

"అటు ఎక్కువున్నాయి."

"గుట్ట అవతల ఏనుగులుంటాయి."

"నాన్న వెళ్ళేవాడుగా."

"ఆయన ఏటి పక్కనే వెళ్ళేవాడు" అంది. అబద్ధం. నాన్న గుట్ట అవతలికి వెళ్ళేవాడు, నాకు తెలుసు. అమ్మకి భయం.

అక్టోబరు 12

గుట్ట అవతల తేనె బాగానే ఉంది. అమ్మకే ఒంట్లో బాగాలేదు. జ్వరం కాదు. పడుకునే ఉంటోంది. నీళ్ళకు కూడా వెళ్ళడం లేదు, పక్కింటి అమ్మాయి తెస్తోంది. ఏట్లో నీళ్ళు తగ్గి దూరం నడవాల్సి వస్తోంది కదా, అందుకే అయ్యుంటుంది. వానలు పడితే సర్దుకుంటుంది.

అక్టోబరు 15

అమ్మ సగం తిని వదిలేసింది. పిట్ట ఆకలి గురించి తాత అన్న మాట చెప్పి నవ్వించబోయాను. నవ్వలేదు.

అక్టోబరు 19

ఈ రోజు గురించి సరిగ్గా రాయాలి.

గుట్ట దాటి, రాతి మీద డబ్బా పెట్టి మీట నొక్కాను. బుర్ర్ అని సగంలో ఆగిపోయింది. చార్జి లేదు. నిన్న ఊళ్ళో షాపులో సౌర పలకకి చార్జికి పెట్టినప్పుడు తీగ సరిగ్గా గుచ్చలేదు. ఫోనులోంచి నేరుగా మోగిస్తే దోమ పాడినట్టుంది. ఇంతలో అదీ ఆరిపోయింది.

రెండు గంటలు నడిచొచ్చాను. చుట్టూ ఎవరూ లేరు. గాలి కూడా లేదు. డబ్బాని తన్నాను, కాలికే తగిలింది. అప్పుడు ఎవరిమీదో చెప్పలేని కోపం వచ్చింది. పడిపోయిన నాన్న మీద, రమ్మంటే రాని నా మీద, మేనల్లుళ్ళకి గొడ్డళ్ళిచ్చే ఆచారం మీద. ఆ కోపంలో నోరు తెరిచి, నాన్నలా ఉందా లేదా అని చూసుకోకుండా అరిచాను. పెదవులు వాటంతటవే ఆడాయి. హుఁ అన్నది పొట్టలోంచి వచ్చింది. మళ్ళీ అరిచాను. ఇరవై సార్లు అరిచి ఉంటాను.

తల పైన టకటక వినపడింది.

నేను కదల్లేదు. కదిలితే పోతుందని. అదే పిట్ట, తోక పక్కన తెల్లటి ఈక వంగి ఉంటుంది. కొమ్మ మారి వెనక్కి చూసింది, నడవ్వేం అన్నట్టు. నేను మళ్ళీ బుర్ర్‌ర్ర్ హుఁ అన్నాను. అది బదులిచ్చింది. అలా మాట్లాడుకుంటూ వెళ్ళాం. నాన్నతో నేనెప్పుడూ అంతసేపు మాట్లాడలేదు.

బకెట్టున్నర వచ్చింది. అరచేతి మందం మైనం ఆకుల మీద పెట్టాను. "చూశావా" అన్నాను. పిట్టతో కాదు.

అక్టోబరు 20

మళ్ళీ నా గొంతుతోనే. మూడోసారికి వచ్చింది. నిన్నటిది గాలివాటం కాదు.

అక్టోబరు 21

ఫోను చార్జి చేశాను. చివరిసారి విన్నాను. దగ్గు, గొడ్డలి అందుకోరా, నా నవ్వు. తీసేశాను.

ఉంటే మళ్ళీ వాడతాను, నన్ను నేను ఎరుగుదును. పైగా ఊళ్ళో మాటలు ఆగాలి, మౌల్వీ రాకుండానే నాన్న పడుకోవాలి, అమ్మ మనసు కుదుటపడాలి. నిజంగా తీసెయ్యాలా అని ఫోను రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునన్నాను. మగాడి పని చేసినట్టనిపించింది.

రేపు గుట్ట అవతలికి కాదు. ఏటి పక్కకే వెళ్తాను. ఊరంతా నా పిలుపు వినాలి.

అక్టోబరు 22

పొద్దున "ఇవాళ ఏటి పక్కకే అమ్మా" అన్నాను. అమ్మ గబుక్కున లేచి కూర్చుంది. రెండు వారాలుగా పడుకున్న మనిషి. పసుపు పూల బట్ట కట్టుకుంది. బాగైందని సంతోషపడ్డాను.

గొంతు చించుకుని పిలిచాను. పిట్ట వచ్చింది, తేనె వచ్చింది. చేపలవాళ్ళు చేతులూపారు. తిరిగొచ్చేటప్పుడు ఏటి గట్టు మీద అమ్మ కూర్చుని ఉంది, ఖాళీ కుండ ఒళ్ళో పెట్టుకుని. బకెట్టు ముందు పెట్టాను. దాని వంక చూడలేదు.

"ఇవాళ మీ నాన్న పిలవలేదేం?" అంది.

నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

"నీకు తెలుసా?"

"ముప్పై ఏళ్ళు విన్నదాన్ని, ఆయన గొంతేదో నీ గొంతేదో తెలీదట్రా? పెట్టెలోంచి పిలుస్తున్నాడని మొదటి రోజే తెలుసు. గాలి ఇటు వీస్తే ఆ చివరి మాట కూడా వినపడేది. గొడ్డలి అందుకోరా అనేవాడు. నువ్వు నవ్వేవాడివి."

"మరి చెప్పలేదేమమ్మా?"

"చెప్తే సిగ్గుపడి ఆపేస్తావని."

నేను అక్కడే కూలబడ్డాను.

"గుట్ట అవతలికి వెళ్ళావు, సరే, ఎప్పటికైనా తిరిగొస్తాడులే అనుకున్నాను. ఇవాళ వచ్చాడుగా అని లేచాను. పెట్టె పాడైందా? బాగు చేయిస్తావా?"

చెప్పాను. తీసేశానని చెప్పాను. నీ కోసమేనని మాత్రం చెప్పలేకపోయాను.

అమ్మ కుండ ఏట్లో ముంచి, నింపి, తలకెత్తుకుంది. "పోనీలే. నీ పిలుపు బాగుంది నాన్నా" అంది. ఆ మాట కోసం రెండు నెలలు చూశాను.

అక్టోబరు 23

ఊరి షాపతనికి ఫోను చూపించాను. ఏవేవో నొక్కి చూశాడు. పోయింది పోయిందే అన్నాడు.

అక్టోబరు 27

ఫోనులో వెతికాను. ఉండదని తెలుసు.

నవంబరు 1

అలాబీ తాత దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పాను. తిడతాడనుకున్నాను.

"దగ్గు విన్నప్పుడే అనుకున్నానులే" అన్నాడు.

"తాతా, నాన్న ఎలా పిలిచేవాడో నేర్పించు."

"తాతకి దగ్గులు నేర్పినట్టుంది, నీ పిలుపుకి పిట్ట వస్తోందిగా, ఇంకా నేనేం నేర్పాలి?"

"పిట్ట కోసం కాదు."

తాత నా మొహంలోకి చూసి పొగాకు పక్కన పెట్టాడు. "మీ నాన్నకి ముందు పన్ను కదిలేది. అందుకని మొదట్లో గాలి పోయేది. హుఁ కొంచెం ఆలస్యంగా వచ్చేది, బరువెత్తుకుని లేచినవాడిలా. ఏదీ, అను."

అన్నాను. మళ్ళీ అను అన్నాడు. సాయంత్రం దాకా అనిపించాడు. మధ్యలో ఒకసారి తాత తల తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. అది సరిగ్గా వచ్చినప్పుడో, రానప్పుడో తెలీదు.

నవంబరు 4

రోజూ తాత దగ్గర. పిట్ట పనికి సగం రోజే వెళ్తున్నాను. దగ్గు తేలిక. మాటే రావడం లేదు. ఆ మాటలో విసుగు ఉండాలి, విసుగు కింద ఇంకేదో ఉండాలి. అదేదో ఇన్నాళ్ళూ విన్నా నాకు పట్టుబడలేదు.

నవంబరు 12

తొలకరి. అత్త కొడుకు వచ్చాడు. నాకంటే రెండేళ్ళు చిన్న, మంచివాడు, అడవంటే భయం. అడవికి తీసుకెళ్ళి పిలిచి చూపించాను. పిట్ట వచ్చింది. వాడు గొడ్డలి ఒకసారి పట్టుకుని బరువు చూసి, తిరిగి నా చేతిలో పెట్టాడు.

"నీదే బావా. అమ్మకి చెప్తాను."

మావయ్య పిలిచినవాళ్ళనీ పిలవనివాళ్ళనీ కూర్చోబెట్టి కోడి కోయించాడు. అమ్మ ఈ ఇంట్లోనే ఉంటుందని అందరి ముందూ అన్నాడు. అందరూ నా వీపు తట్టారు. ఆగస్టులో దీనికోసం ప్రాణం పెట్టేవాణ్ణి. ఇవాళ అమ్మ వంకే చూస్తూ కూర్చున్నాను. అందరికీ వడ్డిస్తోంది, నవ్వుతోంది. తన ఆకులో ముక్క అలాగే ఉంది.

నవంబరు 15

ఈ ఏటికి తేనె అయిపోవచ్చింది. వానలు ముదిరితే మానుకోవాలి.

నవంబరు 16

పొద్దున వాన తెరిపిచ్చింది. ఏటి పక్కకి వెళ్ళాను. గొడ్డలి కింద పెట్టాను. గట్టు వైపు తిరిగాను, అడవి వైపు కాదు. మూడుసార్లు పిలిచాను, మొదట్లో గాలి వదిలేసి, హుఁ ఆలస్యంగా. దగ్గాను. ఆ తర్వాత ఉంది మాట. ఎలా అనాలో ఆలోచించలేదు. సెలవుకొచ్చి పనిలో ఫోనుతో ఆడుకునే ఇరవై మూడేళ్ళ వెధవ ఒకడు నా ముందున్నాడనుకున్నాను. వాడు మళ్ళీ పట్నం వెళ్ళిపోతాడని నాకు తెలుసు. వాణ్ణి ఆపలేనని కూడా తెలుసు.

"ఆ ఫోను పక్కన పెట్టి గొడ్డలి అందుకోరా" అన్నాను.

వంగి అందుకున్నాను. పిట్ట కూడా వచ్చింది, తల పైన టకటకలాడింది. కాసేపాగు అన్నాను దానితో. గట్టు దాకా చూపు ఆనలేదు, పొగమంచు. పసుపు రంగు ఏదో ఉన్నట్టే అనిపించింది.

ఇంటికొచ్చేసరికి రెండు కుండలూ నిండి, మూడోది కూడా నిండి ఉంది. అమ్మ సంకటి పెట్టింది, ఎండుచేప వేసింది. ఎదురుగా కూర్చుని తనూ పెట్టుకుంది. మొత్తం తింది. చెయ్యి కడుక్కుంటూ అంది.

"మీ నాన్న గొంతు ఈమధ్య కాస్త లేతపడింది."

నేను తల ఎత్తలేదు.

"రేపు కూడా ఏటి పక్కకే రమ్మని చెప్పు" అంది.

చెప్తానన్నాను.